ఉక్కు మీద మిగిలిన ముద్రలు: యుద్ధకాలపు పిస్తోళ్ల తయారీ, సేకరణ

అధ్యక్షులవారికీ, సభకు విచ్చేసిన పెద్దలకూ, చరిత్ర విద్యార్థులకూ నమస్కారం.

పాత సైనిక పిస్తోళ్ల సేకరణ గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, ఆయుధాల గురించి ప్రసంగమేమిటని ఒకరిద్దరు మిత్రులు సందేహం వెలిబుచ్చారు. ఆ సందేహాన్ని నేను తప్పుపట్టను. పిస్తోలు మనిషిని చంపడానికే తయారైన వస్తువు. ఆ నిజాన్ని పక్కనబెట్టి దాని అందచందాలు వర్ణించడం నాకు ఇష్టం లేదు. అయితే నేను కార్ఖానాకు కావలసిన అచ్చులు, పనిముట్లు చేసే టూల్‌రూమ్‌లో బతుకు గడిపినవాణ్ని. లోహపు వస్తువేది చేతికొచ్చినా అది ఏ మిషన్ మీద, ఎలాంటి చేతుల్లో, ఎంత హడావిడిలో తయారైందో చూడడం నాకు అలవాటు. రెండో ప్రపంచయుద్ధ కాలపు సైనిక పిస్తోలును ఆ దృష్టితో చూస్తే, అది ఆనాటి కార్ఖానాల గురించి చెప్పే సంగతులు చాలా ఉన్నాయి. యుద్ధం చివరి నెలల్లో ఎన్నో కంపెనీల లెక్కల పుస్తకాలు కాలిపోయాయి, చెల్లాచెదురయ్యాయి. ఉక్కు మీద కొట్టిన ముద్రలు మాత్రం నిలిచాయి. అమెరికాలో స్థిరపడిన ఒక తెలుగు మిత్రుడు అక్కడి చట్టప్రకారం అనుమతి పొంది కూర్చుకున్న సేకరణను తీరిగ్గా చూసే అవకాశం నాకు దొరికింది. అక్కడ చూసినవీ, ఆ తర్వాత చదివి తెలుసుకున్నవీ కలిపి ఈ ప్రసంగం సిద్ధం చేసుకున్నాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. యుద్ధకాలపు పిస్తోలు మీద ఉన్న ముద్ర, గీత, చివరికి లోపం కూడా ఒక కార్ఖానా రికార్డు. దాన్ని చదవగలగడం, చెరిపేయకుండా కాపాడడం సేకర్త చేయవలసిన అసలు పని.

ముందు నంబర్ల సంగతి చెబుతాను, ఎందుకంటే కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవారు మొదట వినే మాట అదే. జర్మన్ లూగర్ పిస్తోలును విప్పి చూస్తే చిన్నచిన్న భాగాల మీద కూడా రెండేసి అంకెలు కనిపిస్తాయి. అవి ఆ పిస్తోలు సీరియల్ నంబరులోని చివరి రెండు అంకెలు. లూగర్‌లో భాగాలు ఒకదానికొకటి అతికేలా ఫిట్టర్ చేత్తో సవరించి బిగించేవాడు. పూత వేయడానికి భాగాలన్నీ విడదీసినప్పుడు ఒకదాని భాగం మరోదానిలో కలిసిపోకుండా ఆ అంకెలు కాపాడేవి. ఇవాళ సేకర్తలు అన్ని నంబర్లూ కలిసిన లూగర్‌కు ఎక్కువ ధర ఇస్తున్నారంటే, వాళ్లు తెలిసో తెలియకో ఆ ఫిట్టర్ చేతిపనికి విలువ కడుతున్నారన్నమాట. అదే అమెరికన్ సైన్యపు కోల్ట్ 1911ఏ1 తీసుకుంటే, సీరియల్ నంబరు సాధారణంగా ఫ్రేమ్ మీద, అంటే పిడితో కలిసిన అడుగు చట్రం మీద, ఒక్కచోటే ఉంటుంది. అక్కడి సైన్యం కోరుకున్నది ఎవరు తయారుచేసిన భాగమైనా ఎవరి పిస్తోలులోనైనా ఇమడడం. తనిఖీలో కొన్ని పిస్తోళ్లను విప్పి, భాగాలన్నీ కలగలిపి, మళ్లీ బిగించి పేల్చి చూసేవారు. ఒక దేశంలో పరిశ్రమ ఫిట్టర్ నైపుణ్యం మీద నిలబడింది, ఇంకో దేశంలో కొలత సరిచూసే గేజీల మీద నిలబడింది. ఆ తేడా పిస్తోలు విప్పగానే తెలుస్తుంది.

లూగర్ తయారీకి పట్టే శ్రమ, ఖర్చు ఎక్కువ కావడం వల్లే జర్మన్ సైన్యం దాని స్థానంలో మరొకటి కోరింది. అలా వచ్చినదే తూరింగియా ప్రాంతంలోని సెల్లా-మెహ్లిస్ పట్టణంలో వాల్తర్ కంపెనీ రూపొందించిన పి.38. యుద్ధం పూర్తయ్యేలోగా ఇవి పది లక్షలకు పైగా తయారయ్యాయి. తయారుచేసినవి మూడు సంస్థలు: వాల్తర్, ఓబెర్న్‌డార్ఫ్‌లోని మౌజర్, నేటి చెక్ దేశంలో ఉన్న హ్రాదెక్ పట్టణంలో నడిచిన స్ప్రీవెర్క్. ఆ ఊరిని అప్పట్లో జర్మన్లు గ్రొట్టౌ అనేవారు. మొట్టమొదటి వాల్తర్ పిస్తోళ్లు తప్పిస్తే, స్లైడ్ మీద, అంటే పేల్చినప్పుడు వెనక్కి జరిగే పై భాగం మీద, ఈ కంపెనీల పేర్లు కనబడవు. ఏ ఆయుధం ఎక్కడ తయారవుతోందో శత్రువుకు తెలియకూడదని జర్మన్లు ప్రతి కార్ఖానాకూ రహస్య అక్షరాలు కేటాయించారు. వాల్తర్‌కు మొదట 480 అనే సంఖ్య, ఆ తర్వాత ‘ఏసీ’, మౌజర్‌కు ‘బీవైఎఫ్’, 1945లో ‘ఎస్‌వీడబ్ల్యూ’, స్ప్రీవెర్క్‌కు ‘సీవైక్యూ’. వాల్తర్, మౌజర్ సంస్థలు అక్షరాల దగ్గర సంవత్సరపు చివరి రెండంకెలు కూడా కొట్టాయి. స్ప్రీవెర్క్ ఆ పని చేయలేదు. వీటికి తోడు గద్ద బొమ్మతో సైనిక తనిఖీ శాఖ ముద్ర ఉంటుంది, దాని కింద ఒక సంఖ్య ఉంటుంది: వాల్తర్‌కు 359, మౌజర్‌కు 135, స్ప్రీవెర్క్‌కు 88. బెల్జియంలోని ఎఫ్.ఎన్. కార్ఖానా కూడా పి.38 కోసం ఫ్రేములు, స్లైడ్లు తయారుచేసి పంపింది. వాటి మీద గద్ద కింద 140 ఉంటుంది. చెక్ ప్రాంతమైన బోహీమియాలోని చెస్కా జ్‌బ్రోయోవ్‌కా కార్ఖానా బ్యారెళ్లు పంపింది. దాని గుర్తు ‘ఎఫ్‌ఎన్‌హెచ్’. ఈ విధంగా ఒక్క పిస్తోలులోనే మూడు దేశాల కార్ఖానాలు కలిసి ఉండవచ్చు. అందులో రెండు ఆక్రమణకు గురైన దేశాలు.

మా మిత్రుని సేకరణలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది స్ప్రీవెర్క్ పిస్తోలే. 1940లో వాల్తర్ చేసిన పి.38 పక్కన దాన్ని పెట్టి చూశాం. వాల్తర్ స్లైడ్ నునుపుగా, ముదురు నీలంగా, అంచులు తీర్చిదిద్దినట్టుగా ఉంది. స్ప్రీవెర్క్ స్లైడ్ మీద మిల్లింగ్ కట్టర్ వరుసగా నడిచిన చాళ్లు కంటికే కనబడుతున్నాయి; ఒకచోట కట్టర్ అదిరి వదిలిన అలల్లాంటి గీతలు ఉన్నాయి; ఆకురాయి పట్టినవాడు మూలల దగ్గర రెండు తోపులు తోసి వదిలేశాడు. పాలిష్ అన్న పనే జరగలేదు. అయినా బ్యారెల్, ఫ్రేమ్ కలిసే చోట, తాళం పడే దిమ్మె దగ్గర మాత్రం కొలత తప్పలేదు. మా పనిలో ఉన్నవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: కనబడేచోట శ్రమ తగ్గించి, పనిచేసేచోట కొలత నిలబెట్టమని పైనుంచి ఎవరో నిర్ణయించారు. నాణ్యత పడిపోయిందని ఒక్క మాటలో తేల్చేస్తే ఆ నిర్ణయం మన కంటికి ఆనదు.

ఆ పిస్తోలు మీద ఇంకో చిన్న విశేషం ఉంది. ‘సీవైక్యూ’ అని ఉండవలసిన చోట ‘సీవీక్యూ’ అని కనబడుతుంది. మొదట్లో కొందరు దీన్ని మరో కార్ఖానా సంకేతమనుకున్నారు. అసలు జరిగిందేమిటంటే, అక్షరాలు కొట్టే డైలో ‘వై’ అక్షరపు తోక విరిగిపోయింది, దాన్ని మార్చకుండానే పని నడిపించారు. యుద్ధం చివరి దశలో ఒక అచ్చు విరిగితే కొత్తది చేయించే తీరిక గాని, చేసే టూల్‌మేకర్ గాని అక్కడ లేకుండా పోయాడని ఆ విరిగిన తోక చెబుతోంది. స్ప్రీవెర్క్ పిస్తోళ్ల మీద సంవత్సరం లేదన్నాను గదా. వాటిని వరుసలో పెట్టుకోవడానికి సేకర్తలకు ఇలాంటి ఆధారాలే దిక్కయ్యాయి. సీరియల్ నంబరు, దాని వెంట వచ్చే అక్షరం, డై అరిగిన తీరు పోల్చిచూసి ఏది ముందో ఏది వెనకో నిర్ణయించారు. విశ్వవిద్యాలయాల చరిత్రకారులు పెద్దగా తొంగిచూడని ఈ పనిని, సాయంకాలాలు భూతద్దం పట్టుకు కూర్చున్న మామూలు ఉద్యోగులు చేశారు. వారంటే నాకు అపారమైన గౌరవం.

మౌజర్ కథకు చిన్న కొనసాగింపు ఉంది. 1945 ఏప్రిల్‌లో ఫ్రెంచి సేనలు ఓబెర్న్‌డార్ఫ్‌ను స్వాధీనం చేసుకున్నాక కార్ఖానాను మూసేయలేదు. ఉన్న భాగాలతో, ఉన్న మిషన్లతో తమ సైన్యం కోసం పి.38లు తయారుచేయించుకున్నారు. అదే సంకేతాక్షరాలతో, 46 అనే సంవత్సరంతో, ఫ్రెంచి నక్షత్రం గుర్తుతో ఉన్న పిస్తోళ్లు అందుకే దొరుకుతాయి. ‘యుద్ధకాలం’ 1945 మేలో ముగిసిందని మనం పాఠాల్లో చదువుకుంటాం. ఓబెర్న్‌డార్ఫ్ మిల్లింగ్ మిషన్ల విషయంలో అలా జరగలేదు.

ఇక పోలండ్ విషయానికి వస్తాను. ఈ ప్రసంగంలో నాకు అతి ముఖ్యమైన భాగం ఇదే. రాడోం నగరంలోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం విస్ అనే పిస్తోలును తయారుచేసేది. పియోతర్ విల్నెవ్‌చిట్స్, యాన్ స్క్‌షిపిన్‌స్కీ అనే ఇంజనీర్లు దాన్ని రూపొందించారు. పోలిష్ సైన్యం దాన్ని 1935 నమూనాగా తీసుకుంది. అమెరికన్ ఆయుధ రూపకర్త బ్రౌనింగ్ సూత్రం మీదే నడిచినా, పేల్చే సుత్తి అయిన హ్యామర్‌ను ఒక్క చేత్తో భద్రంగా దించే మీట స్లైడ్ మీద ఉండడం దాని ప్రత్యేకత. గుర్రం కళ్లెం ఒక చేత పట్టిన రౌతుకు అది పనికొచ్చేది. యుద్ధానికి ముందు తయారైనవి దాదాపు 50,000. స్లైడ్ మీద పోలిష్ గద్ద, పక్కన సంవత్సరం, కార్ఖానా పేరు, 15567 అనే పోలిష్ పేటెంటు నంబరు ఉంటాయి. పాలిష్, పూత, అమరిక ఏది చూసినా ఆ కాలపు యూరప్‌లో దానికి సాటిరాగల సైనిక పిస్తోళ్లు కొద్దిగానే ఉన్నాయని నా అభిప్రాయం.

1939 సెప్టెంబరులో రాడోం జర్మన్ల వశమైంది. కర్మాగారాన్ని ఆస్ట్రియాకు చెందిన స్టెయర్-డైమ్లర్-పుఖ్ సంస్థకు అప్పగించారు. జర్మన్ సైన్యానికి పిస్తోళ్లు కావాలి, చేయగలిగిన పోలిష్ కార్మికులు అక్కడే ఉన్నారు. కాని వారికి పూర్తి పిస్తోలు అప్పగించడానికి యజమానులకు ధైర్యం చాలలేదు. అందుకని ఒక ఏర్పాటు చేశారు. స్లైడ్లు, ఫ్రేములు, చిన్న భాగాలు రాడోంలో. బ్యారెళ్లు మాత్రం ఆస్ట్రియాలోని స్టెయర్‌లో. చివరి బిగింపు కూడా అక్కడే. బ్యారెల్ లేని పిస్తోలు పనికిరాదు గనక, రాడోం నుంచి ఏది బయటికి పోయినా ప్రమాదం లేదని వారి లెక్క. ఆ లెక్క తప్పింది. కార్మికులు భాగాలు ఒక్కొక్కటిగా దాటించారు, రహస్యంగా బ్యారెళ్లు సంపాదించారు, పిస్తోళ్లు బిగించి పోలిష్ ప్రతిఘటన దళాలకు చేరవేశారు. ఇది బయటపడ్డాక 1942 అక్టోబరులో జర్మన్లు కర్మాగార కార్మికులతో పాటు వారి బంధువులను కూడా కలిపి సుమారు 50 మందిని బహిరంగంగా ఉరితీశారు.

అదే కర్మాగారంలో రాడోం యూదులు కూడా బలవంతపు చాకిరీ చేశారు. యూదులను నిర్బంధించి ఉంచిన గెట్టోను తుడిచిపెట్టాక మిగిలినవారిని ష్కోల్నా వీధి శిబిరంలో ఉంచి పనికి తోలేవారు. 1944 జనవరిలో ఆ శిబిరం మైదానెక్ నిర్బంధ శిబిరానికి ఉపశిబిరమైంది. ఈ సంగతి తెలిశాక, జర్మన్ గద్ద కింద 77 సంఖ్య ఉన్న విస్ పిస్తోలును చేతిలోకి తీసుకున్నప్పుడు దాని ధర గురించి మాట్లాడడానికి నాకు మనసొప్పలేదు. ఆక్రమణ కాలంలో తయారైనవి మూడు లక్షలకు పైమాటే. వాటి స్లైడ్ మీద పోలిష్ గద్ద పోయింది, జర్మన్ సైన్యం ఆ నమూనాకు పెట్టిన సంకేతం అదనంగా చేరింది; రాడోం పేరు, విస్ పేరు, ఆ పోలిష్ పేటెంటు నంబరు మాత్రం అలాగే ఉన్నాయి. దేశాన్ని రద్దుచేసినవారు ఆ దేశపు పేటెంటు నంబరును లక్షల సార్లు కొట్టించారు. ఏళ్లు గడిచేకొద్దీ పనులు తగ్గించుకుంటూ పోయారు: పిడి వెనక, భుజానికి ఆనించే కర్ర తగిలించే గాడి పోయింది, విప్పడానికి ఉపయోగపడే చిన్న మీట పోయింది, పాలిష్ పోయింది. 1944లో సోవియట్ సేనలు దగ్గరపడడంతో మిషన్లను, భాగాలను స్టెయర్‌కు తరలించారు. అక్కడ చివరగా బిగించినవాటి మీద రాడోం పేరు కూడా లేదు. స్టెయర్ సంకేతమైన ‘బీఎన్‌జెడ్’ ఒక్కటే ఉంది. ఇప్పుడు మార్కెట్లో ఈ ‘బీఎన్‌జెడ్’ పిస్తోళ్లు అరుదైనవని పేరుపడి మంచి ధర పలుకుతున్నాయి. అరుదైనవి కావడానికి కారణమేమిటో కూడా కొనేవారికి తెలిసి ఉండాలని నేను కోరుకుంటాను.

బెల్జియం కథ మనకు మరికాస్త దగ్గరిది, ఎందుకంటే అది తిరిగి తిరిగి మన దేశానికే వచ్చి చేరింది. జాన్ మోజెస్ బ్రౌనింగ్ 1926 నవంబరులో లియేజ్‌లో, ఎఫ్.ఎన్. కార్ఖానాలోనే కన్నుమూశాడు. ఆయన మొదలుపెట్టిన పిస్తోలును దియుదొనె సెవ్ అనే ఇంజనీరు పూర్తిచేశాడు. 13 తూటాలు పట్టే ఆ తొమ్మిది మిల్లీమీటర్ల పిస్తోలును బెల్జియం సైన్యం 1935లో స్వీకరించింది. హై-పవర్ పేరుతో దాన్ని ప్రపంచమంతా ఎరుగును. 1940 మేలో జర్మన్లు బెల్జియంలోకి వచ్చారు, లియేజ్ పక్కనే ఎర్స్టాల్‌లో ఉన్న ఎఫ్.ఎన్. కార్ఖానాను స్వాధీనం చేసుకున్నారు, నాలుగేళ్లలో మూడు లక్షలకు పైగా హై-పవర్లు చేయించుకున్నారు. తనిఖీ ముద్ర కింది సంఖ్యను బట్టి వాటి కాలం చెప్పవచ్చు: మొదట 613, కొంతకాలం 103, ఆపైన 140. మొదటివి బెల్జియన్ సైన్యం కోసం అప్పటికే సిద్ధంచేసిన భాగాలతో బిగించినవి గనక వాటికి గురి దూరం సరిచేసుకునే వెనక సైటు, భుజపు కర్ర గాడి ఉన్నాయి. ఆ నిల్వ అయిపోయాక అవి రెండూ పోయాయి. చివరికి తూటాలు పట్టే మ్యాగజైన్ తీసేస్తే పేలకుండా ఆపే భద్రతా ఏర్పాటును కూడా తీసేశారు. 1944 సెప్టెంబరులో ఎర్స్టాల్ విముక్తి చెందింది.

సెవ్, ఆయన సహచరులు కొందరు అప్పటికే ఇంగ్లండ్ చేరుకున్నారు. ఇంతలో చాంగ్ కై-షెక్ నాయకత్వంలోని చైనా ప్రభుత్వం ఇదే పిస్తోలును కెనడా సహాయంగా కోరింది. టొరంటోలోని జాన్ ఇంగ్లిస్ కంపెనీకి ఆ పని అప్పగించారు. బాయిలర్లు, ఆవిరి యంత్రాలు చేసిన ఆ పాత సంస్థ యుద్ధంలో బ్రెన్ అనే తేలిక మిషన్‌గన్ కార్ఖానాగా మారింది. వేలాది మహిళలు అందులో పనిచేశారు. వారిలో వెరోనికా ఫాస్టర్ అనే యువతి ఫోటోలను 1941లో కెనడా ప్రభుత్వం ప్రచారానికి వాడుకుంది. కార్మిక మహిళ చిత్రమంటే అందరూ అమెరికన్ ‘రోజీ ద రివెటర్’ పోస్టరునే తలచుకుంటారు. ఈ టొరంటో అమ్మాయి దానికన్నా ముందరిది. పిస్తోలు పనికి వస్తే, ఇంగ్లిస్ వారి దగ్గర డ్రాయింగులు లేవు. చైనా వారు తెచ్చి ఇచ్చిన కొన్ని బెల్జియన్ పిస్తోళ్లను విప్పి, కొలిచి, డ్రాయింగులు గీసుకున్నారు. తయారైన వస్తువు నుంచి కొలతలు రాబట్టడం ఎంత చిక్కో మా పనివారికి తెలుసు: ఒక రంధ్రం కొలిస్తే ఆ రంధ్రం కొలతే వస్తుంది, ఎంత ఎక్కువైనా తక్కువైనా ఫరవాలేదో ఆ కొలత చెప్పదు. ఇంగ్లండ్‌లో ఉన్న బెల్జియన్ ఇంజనీర్ల సాయం అందుకే అవసరమైంది. 1944లో ఉత్పత్తి మొదలైంది. 1945లో ముగిసేసరికి 1,51,000కు పైగా పిస్తోళ్లు తయారయ్యాయి.

చైనా కోసం చేసినవాటి సీరియల్ నంబరు మధ్యలో ‘సీహెచ్’ అక్షరాలుంటాయి, స్లైడ్ మీద చైనా ప్రభుత్వ ఆస్తి అని ఆరు చైనీస్ అక్షరాలుంటాయి. కెనడా, బ్రిటన్‌ల కోసం చేసినవాటికి ‘టీ’ అక్షరం ఉంటుంది. 1942లో బర్మా రోడ్డు జపాన్ చేతికి పోయాక చైనాకు సామగ్రి చేరాలంటే అస్సాం నుంచి హిమాలయాల మీదుగా విమానాల్లో వెళ్లవలసిందే. ఆ దారిలో ప్రతి కిలో బరువుకూ పోటీ ఉండేది. చైనా అడిగినవి 1,80,000. ఆ మొత్తం ఎన్నడూ పూర్తికాలేదు. కెనడా సైన్యం తన వంతు ఇంగ్లిస్ పిస్తోళ్లను దాదాపు ఎనభై ఏళ్లు వాడింది, ఈ దశాబ్దంలో గాని వాటిని మార్చలేదు. మన దేశంలో, కలకత్తాకు ఉత్తరాన హుగ్లీ ఒడ్డునున్న ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసిన తొమ్మిది మిల్లీమీటర్ల ఆటో పిస్తోలు 1ఏ కూడా ఈ ఇంగ్లిస్ నమూనాదే. మన సైన్యంలో, మన రాష్ట్రాల పోలీసు శాఖల్లో అధికారుల నడుముకు మనం చూస్తూవచ్చిన పిస్తోలు ఇదే. లియేజ్‌లో మొదలైన గీత టొరంటో మీదుగా ఇషాపూర్ దాకా సాగింది.

అమెరికా గురించి ఎక్కువ చెప్పను. దాని మీద పుస్తకాలకు కొదవ లేదు. 1911ఏ1 పిస్తోళ్లు యుద్ధకాలంలో సుమారు 19 లక్షలు తయారయ్యాయి. కోల్ట్ కంపెనీని మించి చేసింది టైపురైటర్ల కంపెనీ రెమింగ్టన్ రాండ్. అది 8,70,000కు పైగా చేసింది. రైల్వే సిగ్నళ్ల కంపెనీ యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్ 55,000 చేసి ఆపేసింది. కుట్టుమిషన్ల సింగర్ కంపెనీకి యుద్ధానికి ముందే ఒక అభ్యాసపు ఆర్డరు ఇచ్చారు: ఈ వస్తువును పెద్దయెత్తున ఎలా చేయవచ్చో నేర్చుకుని 500 మాత్రం చేసి చూపించమని. సింగర్ 500 చేసి, ఆ తర్వాత విమాన విధ్వంసక ఫిరంగులకు గురి లెక్కగట్టే యంత్రాల పనికి మారింది. వాటిలో కొన్ని వేలంలో లక్షల డాలర్ల ధర పలికాయి. మన ఇళ్లలో అమ్మమ్మల కాలం నుంచి ఉన్న సింగర్ మిషన్ పేరే ఒక పిస్తోలు మీద చూసినప్పుడు కలిగే ఆశ్చర్యం వేరు. మరో కొసన, ఇండియానాలోని ఆండర్సన్ పట్టణంలో కార్ల దీపాలు చేసే గైడ్ ల్యాంప్ కార్ఖానా 1942 వేసవిలో కొద్ది వారాల్లో పది లక్షల లిబరేటర్ పిస్తోళ్లు చేసింది. రేకు వంచి అతికించిన ఒంటి తూటా పిస్తోలు. ఆక్రమిత దేశాల్లో ప్రజలకు పంచాలని ఉద్దేశం. ఏ భాషవారికైనా అర్థమయ్యేలా మాటలు లేని బొమ్మల కాగితం దాని పెట్టెలో పెట్టేవారు. వాటిలో చాలాభాగం ఉద్దేశించినవారికి చేరనేలేదు, యుద్ధం తర్వాత కరిగించేశారు.

ఇంత చరిత్ర ఉన్న వస్తువును సేకర్తలు ఎలా పాడుచేస్తారో ఇప్పుడు చెప్పాలి. మొదటిది, మెరుగుపెట్టడం. పాతబడిన పిస్తోలును కొత్తదానిలా చేయాలని బఫింగ్ చక్రం మీద పెడతారు, కొత్త పూత వేస్తారు. ముద్రల అంచులు గుండ్రబడతాయి, కట్టర్ గీతలు అరిగిపోతాయి, 1944 నాటి హడావిడి పనికి 1938 నాటి తళుకు వస్తుంది. ఒక్క గంటలో ఒక రికార్డు పోతుంది, మళ్లీ ఎవరూ రాయలేరు. తుప్పు పెరగకుండా పలుచగా నూనె రాయండి, పొడి గుడ్డతో తుడవండి, తేమలేని చోట ఉంచండి. తోలు సంచిలో మాత్రం ఏళ్ల తరబడి వదిలేయకండి, తోలు పదును చేసిన రసాయనాలు ఉక్కును తింటాయి. అంతకు మించిన సేవ దానికి అక్కర్లేదు. రెండోది, దొంగ ముద్రలు. గద్ద ముద్రకు ధర ఉందని తెలిసి కొత్తగా డైలు చేయించి కొట్టేవారున్నారు. అసలు ముద్ర పూతకు ముందు కొట్టారా, తర్వాత కొట్టారా అన్నది ఆయా కార్ఖానా పద్ధతిని బట్టి ఉంటుంది; ముద్ర చుట్టూ లేచిన లోహపు అంచు, లోపలి పూత రంగు భూతద్దంతో చూస్తే చాలాసార్లు దొంగతనం పట్టుబడుతుంది. మూడోది, తూర్పు యుద్ధరంగంలో సోవియట్ సైన్యం పట్టుకుని, విప్పి, పూత వేసి, కలిపి బిగించి, విద్యుత్ కలంతో నంబర్లు గీకి గిడ్డంగుల్లో దాచిన పి.38లను చిన్నచూపు చూడడం. నంబర్లు కలవవని వాటిని విడిభాగాలుగా అమ్మేస్తారు. నా దృష్టిలో ఆ విద్యుత్ కలపు గీతలు కూడా వాల్తర్ ముద్రంత నిజమైనవే. ఆ పిస్తోలు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి మారిందో అవే చెబుతాయి.

అమెరికాలో యాభై ఏళ్లు దాటిన ఆయుధాలు సేకరించేవారికి ప్రత్యేక లైసెన్సు ఉంది. బ్రిటన్‌లో 1997 తర్వాత పిస్తోళ్ల సేకరణ దాదాపు మూతపడింది. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం, 2019 సవరణ తర్వాత, లైసెన్సు ఉన్నా ఒక వ్యక్తికి రెండు తుపాకులే పరిమితి. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. తొమ్మిది మిల్లీమీటర్లది నిషిద్ధ బోరు (గొట్టం కొలత). మరమ్మతు చేసినా పేలని, కాలం చెల్లిన, పురాతన విలువ గల ఆయుధాలకు చట్టంలో మినహాయింపు ఉన్నా, అది వర్తిస్తుందో లేదో మనంతట మనం తేల్చుకోకూడదు. లైసెన్సు అధికారిని రాతపూర్వకంగా అడగాలి. ఈ పరిమితులు నాకు సబబుగానే తోస్తాయి. చరిత్ర కోసం ప్రతి ఇంట్లో పిస్తోలు ఉండనక్కర్లేదు.

అందుచేత మన దగ్గర ఈ పని కాగితం మీద, కెమెరాతో జరగాలి. ఇందుకు మొదట తీసుకోవలసినది ఇషాపూర్ పిస్తోలే. అది పాతబడుతోంది, కొత్త నమూనాలు వస్తున్నాయి. కాలం తీరినవి తూకానికి పోయి కొలిమిలో కరుగుతాయి. ఏ సంవత్సరం ఏ సీరియల్ వరుస, ఏ మార్పు ఎప్పుడు వచ్చింది, మొదటి స్లైడ్ల మీద అక్షరాలు ఎలా ఉన్నాయి, పిడి ప్లాస్టిక్ ఎప్పుడు మారింది, ఇవన్నీ ఇవాళ పోలీసు ఆయుధాగారాల్లో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్లకు, రిటైరైన ఫ్యాక్టరీ పనివారికి తెలుసు. వారింకా మన మధ్య ఉన్నారు. ఈ సభలో పోలీసు శాఖవారు, మ్యూజియం అధికారులు ఉన్నారు గనక నా విన్నపం వారికే. ఒక విడత పిస్తోళ్లను రద్దుచేసే ముందు, ప్రతి సంవత్సరపు వరుసలోనుంచి ఒక్కటి పేలకుండా చేసి మ్యూజియంకు ఇప్పించండి. మిగిలినవాటి స్లైడ్, ఫ్రేమ్, బ్యారెల్ మీది ముద్రలకు రెండు వైపులా ఫోటోలు తీసి, నంబర్లతో రిజిస్టరులో ఎక్కించండి. ఆర్మరర్ తన చేత్తో ఏ భాగం మార్చాడో అది కూడా రాయించండి. ఆ రిజిస్టరు నమూనా ఒకటి తయారుచేసి తెచ్చాను. కావలసినవారు సభ ముగిశాక నా దగ్గర తీసుకోవచ్చు.

నమస్కారం.